నరమామిడి మామిడి జాతేనా? పూత వస్తున్నా కాయ ఎందుకు పట్టదు?

ఎస్.కోట దగ్గర మీ జీడితోట గట్టు మీద నరమామిడి ఏటా పూస్తోందనీ, ఒక్క కాయా పట్టడం లేదనీ రాశారు. అది మామిడి జాతేనా, మన కొండల్లో తప్ప ఇంకెక్కడైనా ఉంటుందా అని కూడా అడిగారు.

మామిడి కాదండీ. మామిడికి అసలు చుట్టం మీ తోటలోని జీడి. నరమామిడిది దాల్చినచెక్క కుటుంబం. బిర్యానీ ఆకు, కర్పూరం చెట్టు, ఈమధ్య బజార్లో కనిపిస్తున్న అవకాడో కూడా ఆ కుటుంబానివే. వృక్షశాస్త్రంలో దీని పేరు లిట్సియా గ్లుటినోసా. అనుమానం ఉంటే ఓ లేత ఆకు తుంచి, రెండు చుక్కల నీళ్లు వేసి అరచేతిలో నలపండి. మామిడాకు వాసన రాదు, వేళ్ల మధ్య జిగురు సాగుతుంది.

ఇక కాయ సంగతి. ఇందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. మీది మగదైతే ఎన్నేళ్లు పూసినా కాయదు. ఆడదైనా దగ్గరలో మగ చెట్టు లేకపోతే అదే పరిస్థితి.

ఏదో తేల్చుకోవాలంటే పూత మీద ఉన్నప్పుడు కొమ్మ వంచి చూడండి. ఆకు మొదట్లో పొట్టి కాడల మీద గుండ్రటి మొగ్గలుంటాయి. ఒక్కో మొగ్గలో ఓ చిన్న పూలగుత్తే ఉంటుంది, నాలుగైదు డొప్పలు దాన్ని మూసి ఉంచుతాయి. డొప్పలు విచ్చుకుంటే లేత పసుపు పూలు బయటపడతాయి. రేకులు దాదాపు ఉండవు. మగపువ్వులో కేసరాలు గుబురుగా, పదిహేనో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. ఆడపువ్వులో నడుమ గుండ్రటి అండాశయం, చుట్టూ పుప్పొడి లేని కేసరాలు. భూతద్దం దొరికితే మగపువ్వు పుప్పొడి తిత్తిని తప్పకుండా చూడండి, ఈ చెట్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. తిత్తికి నాలుగు గదులు, గదికో తలుపు. ఆ తలుపు కింది నుంచి పైకి లేస్తే పుప్పొడి బయటికొస్తుంది. అవకాడో పువ్వులోనూ ఇలాంటి తలుపులే.

మందస వైపు మా తోటలో, గెడ్డ (వాగు) పక్కన ఆడ, మగ చెట్లు రెండూ ఉన్నాయి. బఠాణీ గింజంత కాయలు గుత్తులుగా పట్టి, పండాక నల్లబడతాయి. మనం తినేవి కావు గానీ పిట్టలు వదలవు.

మన తూర్పు కనుమలకే పరిమితమైన చెట్టు కాదిది. మయన్మార్, థాయిలాండ్, వియత్నాం, దక్షిణ చైనా, ఫిలిప్పీన్స్ మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉంది. లిట్సియా ప్రజాతిలో సుమారు 400 జాతులున్నాయి, ఎక్కువ భాగం ఆసియా ఉష్ణమండలంలోనే. న్యూజిలాండ్‌లో ఒకటుంది, మెక్సికో వైపు కొన్ని ఉన్నాయి. ఆఫ్రికా ఖండంలో మాత్రం సహజంగా ఒక్కటీ లేదు. అస్సాంలో ముగా పట్టుపురుగులను మేపే సోవాలు చెట్టు కూడా లిట్సియానే. మన నరమామిడిని మారిషస్, మయోట్ దీవులకు తీసుకెళితే పిట్టలు గింజలు చల్లి, అక్కడి అడవిని కమ్మేసే స్థాయికి పెంచాయి. ఇక్కడేమో బెరడు కోసం మనమే చంపుకుంటున్నాం.

ఆ బెరడు పొడి నీళ్లు తగిలితే జిగురవుతుంది, అందుకే అగరబత్తీల తయారీకి కొంటారు. ఎముక విరిగితే పట్టు వేసే అలవాటూ మా ఊళ్లో ఉంది. నేనైతే ముందు ఎక్స్‌రే తీయించుకోమంటాను. బెరడు అడిగేవాళ్లు మీ దగ్గరికీ వస్తారు. కాండం చుట్టూ వలవనివ్వకండి. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. చుట్టూ తీస్తే వేళ్లు మాడి చెట్టు పోతుంది. మా గెడ్డ అవతల మంచి చెట్లు అలాగే ఎండిపోయాయి, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తప్పదంటే ఎలాగూ నరికే కొమ్మల బెరడు ఇవ్వండి.

మీకు జోడీ చెట్టు కావాలంటే నల్లగా పండిన కాయలు తెచ్చి, గుజ్జు కడిగి, గింజలు వెంటనే సంచుల్లో నాటండి. ఎండబెట్టి దాచితే మొలక తగ్గుతుంది. మొక్కగా ఉన్నప్పుడు ఆడో మగో తెలియదు కాబట్టి గట్టు పొడవునా నాలుగైదు పెట్టండి.