విస్కీ కోసం పోతే యాత్ర అనొచ్చా?

సందేహం: మేం అన్నదమ్ములం నలుగురం వచ్చే ఎండాకాలం స్కాట్లాండ్‌లో మోటర్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే బండి) కిరాయికి తీసుకుని, విస్కీకి పేరున్న స్పేసైడ్ ప్రాంతంలోని డిస్టిలరీలు చూసొద్దామనుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపుకు ‘విస్కీ యాత్ర’ అని పేరు పెడితే మా పెద్దబాపు కోప్పడ్డారు. యాత్ర అంటే కాశీకి పోవడమే అంటారు. తప్పేనా? డిస్టిలరీని, మోటర్‌హోమ్‌ను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: తప్పేం లేదు. ‘యా’ అనే సంస్కృత ధాతువుకు వెళ్లడం అని అర్థం, అంతే. పాదయాత్ర, విహారయాత్ర, ఆఖరికి అంతిమయాత్ర కూడా ఉన్నాయి కదా, వీటిలో కాశీ ఎక్కడుంది? ముందు తీర్థం చేరితేనే అది తీర్థయాత్ర. ఆ మాటకొస్తే ‘ఆయన తీర్థం పుచ్చుకుంటాడు’ అని మనం నవ్వుతూ అనేది దేని గురించో మీ పెద్దబాపుకు తెలియంది కాదు. విస్కీ అన్న మాట కూడా స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో ‘జీవజలం’ అనే మాట నుంచి పుట్టిందే!

డిస్టిలరీకి పాఠ్యపుస్తకాల పద్ధతిలో ‘స్వేదనశాల’ అనొచ్చు. స్వేదం అంటే చెమట. ఆవిరి చల్లబడి బొట్లు బొట్లుగా దిగుతుంది కనక ఆ పేరు బాగానే కుదిరింది గానీ, ఇంట్లో ఎవరైనా అలా అంటారా? మనకు సారా బట్టీ ఉంది. నానబెట్టి పులియబెట్టిన ఇప్పపువ్వును కుండలో కాచి ఆవిరిని పట్టినా, మొలకెత్తించిన బార్లీతో చేసిన పులిసిన ద్రవాన్ని రాగి పాత్రలో కాచినా పని ఒకటే. తేడా ఆ తర్వాత వస్తుంది, స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి. క్రియ కూడా చూడండి: కల్లు గీస్తారు, సారా కాస్తారు. కాబట్టి విస్కీ కూడా ‘కాస్తారు’ అనండి, ‘తయారు చేస్తారు’ అంటే చప్పగా ఉంటుంది.

ఇక మోటర్‌హోమ్. దీనికి ‘సంచార గృహవాహనం’ లాంటివి కట్టొద్దు, ఆఫీసు బోర్డులా ఉంటుంది. వెనకట మేడారం పోయేవాళ్లు ఎడ్లబండికి గూడు కట్టి, బియ్యం, గిన్నెలు, కోడి, పిల్లలు అన్నీ అందులోనే వేసుకుని, పొద్దుగూకిన చోట మూడు రాళ్లు పెట్టి వండుకునేవాళ్లు. మీరు చేయబోయేదీ అదే, రాళ్ల బదులు గ్యాసు పొయ్యి. అందుకని నా ఓటు ‘గూడుబండి’కి. (అన్నట్టు జాతర కూడా యాత్రే. యముడు జముడైనట్టు, యోగి జోగి అయినట్టు యాత్ర జాతర అయింది. ఇది కూడా మీ పెద్దబాపుకు చెప్పండి.)

బుకింగ్‌లో మాత్రం ‘మోటర్‌హోమ్’ అనే రాయండి, ‘కారవాన్’ అనొద్దు. మన దగ్గర అది షూటింగులో హీరో కూర్చునే బండి, బ్రిటన్‌లో కారు వెనక తగిలించి లాక్కెళ్లేది.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తున్నా. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబర్ నుంచి డ్రైవర్‌కు 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ హద్దు 50 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్‌లో 80. స్టీరింగ్ వంతు ఎవరిదైతే ఆ రోజు వాళ్లకు వర్తించే క్రియ ‘వాసన చూడటం’ ఒక్కటే. చాలా డిస్టిలరీల్లో డ్రైవర్ వాటా చిన్న సీసాలో పోసిస్తారు, రాత్రి గూడుబండి ఆపాక తీసుకోవచ్చు.