కాసినోల రాబడి లెక్కలను ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో బిజినెస్ అనలిటిక్స్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. అమెరికాలోని రాష్ట్ర ప్రభుత్వాలు ప్రకటించే గణాంకాలతో కాసినోల రాబడిని నెలనెలా విశ్లేషించడాన్ని ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టుగా ఎంచుకున్నాడు. జూదం మాట రెజ్యూమెలో కనబడితే ఉద్యోగానికి అడ్డొస్తుందేమోనని మా భయం. అంశం మార్చుకోమని చెప్పమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మార్చుకోమని చెప్పకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి కాబట్టి మీ సంకోచం అర్థం చేసుకోదగినదే. కానీ మీ అబ్బాయి ఉన్న చోట కాసినో లైసెన్సు పొంది, పన్ను కట్టి నడిపే వ్యాపారం. న్యూజెర్సీ అట్లాంటిక్ సిటీ కాసినోల స్థూల రాబడిపై 8 శాతం పన్ను వసూలు చేస్తుంది. నెవాడాలో రాష్ట్ర పన్ను గరిష్ఠ రేటు 6.75 శాతం, పెన్సిల్వేనియా స్లాట్ యంత్రాల (మీట నొక్కి ఆడే జూదపు యంత్రాల) రాబడిలో సగానికి పైగా తీసుకుంటుంది. ఆ పన్నుకు ఆధారమైన అంకెలే మీవాడు పరిశీలించేవి. ఇంటర్వ్యూ చేసేవారు దీన్ని ప్రభుత్వ ఆదాయంపై అధ్యయనంగానే చూస్తారు.

నేను ఆలోచించమనేది వేరే విషయం. ఈ సమాచారం ఉచితంగానే దొరుకుతుంది, అందువల్ల దాన్ని దించుకుని నాలుగు గ్రాఫులు గీయడం ఎవరికైనా చేతనవుతుంది. ప్రాజెక్టుకు విలువ వచ్చేది ఒక రాష్ట్రం అంకెను మరో రాష్ట్రం అంకె పక్కన పెట్టే ముందు ఆ రెండూ ఒకే వస్తువును కొలుస్తున్నాయా అని నిలదీసినప్పుడే. న్యూజెర్సీ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం కాసినోవారీగా నెలవారీ లెక్కలిస్తుంది. నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డు మాత్రం లాస్ వేగస్ స్ట్రిప్, డౌన్‌టౌన్, లాఫ్లిన్ అంటూ ప్రాంతాలవారీగానే ఇస్తుంది గాని ఏ ఒక్క కాసినో అంకెనూ విడిగా చెప్పదు. కాలిఫోర్నియాలోని ఆదివాసీ తెగల కాసినోలకైతే ఇలాంటి నెలవారీ పట్టికే ఉండదు. ఆ తెగల జూదాన్ని పర్యవేక్షించే జాతీయ కమిషన్ ఏడాదికోసారి ప్రాంతాలవారీగా ఇచ్చే మొత్తాలతో సరిపెట్టుకోవాలి.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది పందెం మొత్తాన్నీ రాబడినీ కలిపేసినప్పుడు. నెవాడా నివేదికలోని ‘విన్’ అంటే గెలిచినవారికి చెల్లించాక కాసినోకు మిగిలినది. స్లాట్లలో వంద డాలర్ల పందేనికి అది సుమారు ఏడు డాలర్లు. స్ట్రిప్‌లో బకారా అనే పేకాట ఆడే కొద్దిమంది సంపన్నులకు అదృష్టం కలిసివస్తే ఆ నెల మొత్తం లెక్కే కిందికి జారుతుంది, దాన్ని గిరాకీ తగ్గడమని రాస్తే తెలిసినవారు నవ్వుతారు. 2020 మార్చి మధ్య నుంచి జూన్ 4 వరకు నెవాడా కాసినోలు మూతపడ్డాయి కాబట్టి 2021లో ఆ నెలలతో పోల్చి చూపే వృద్ధి శాతాలకు అర్థం లేదు. న్యూజెర్సీలో మరో చిక్కుంది: క్రీడా పందేల రాబడి లైసెన్సుదారు పేరు మీద నమోదవుతుంది. ఫ్యాన్‌డ్యూయెల్ వంటి పెద్ద ఆన్‌లైన్ పందేల సంస్థ రాబడి మెడోలాండ్స్ అనే గుర్రప్పందేల మైదానం పేరుతో కనబడితే, అక్కడికి జనం తండోపతండాలుగా వస్తున్నారని తేల్చేయకూడదు.

ఈ చిక్కులను విప్పి, నిర్వచనాలను ఒక చోట రాసి, ప్రతి నెలా కొత్త నివేదిక రాగానే తనంత తానే సరిచూసుకునే ప్రోగ్రాము తయారు చేస్తే, అది బ్యాంకుల్లో, రేటింగ్ సంస్థల్లో, కాసినో భవనాల యజమానులైన స్థిరాస్తి కంపెనీల్లో పనికొచ్చే నైపుణ్యం. అమ్మకాలు, బీమా, ఆస్పత్రి బిల్లుల లెక్కలకూ అదే పద్ధతి వర్తిస్తుంది. కాసినో కంపెనీలోనే చేరాలన్న నిర్బంధమేమీ లేదు. చేరదలిస్తే ఉద్యోగాన్ని బట్టి రాష్ట్రంలో రిజిస్ట్రేషనో లైసెన్సో, గత చరిత్ర తనిఖీయో అవసరం కావచ్చని ముందే తెలుసుకోమనండి.

వీసా సంగతి కూడా చూసుకోవాలి. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో అతని కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితా కోడ్‌తో ఉంటే ఓపీటీకి, అంటే చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతికి, అదనంగా 24 నెలల పొడిగింపు అడగవచ్చు గాని, ఉద్యోగమిచ్చే సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) నమోదై ఉండాలి. రెజ్యూమెలో ‘కాసినో ప్రాజెక్టు’ అని రెండు ముక్కల్లో కాక, ‘మూడు రాష్ట్రాల గేమింగ్ పన్ను నివేదికల సమన్వయం, నెలవారీ అంచనా’ అన్నట్లుగా, చేసిన పనేమిటో తెలిసేలా రాయమనండి.