త్రియుండ్ ఒక్క రోజులో: ఆయనకు పరుగు అలవాటు, నాకు నడకే అలవాటు లేదు. వీలవుతుందా?

తప్పకుండా వీలవుతుంది. మే చివర్లో మీవారితో హిమాచల్‌లోని ధర్మశాల వెళ్తున్నామని, అక్కడి త్రియుండ్ కొండ ఎక్కి సాయంత్రానికి దిగిరాగలమా అని అడిగారు. మావారిదీ నాదీ ఇదే జోడీ కాబట్టి దారి వివరాల కంటే ముందు ఒక మాట చెబుతాను. మీరు ముందు నడవండి, ఆయన్ని మీ వెనక నడవమనండి.

వేగంగా నడిచేవారు ముందుంటే ఏదో మలుపు దగ్గర ఆగి ఎదురుచూస్తారు. మనం రొప్పుతూ అక్కడికి చేరేసరికి వారికి అలసట తీరిపోయి ఉంటుంది, వెంటనే లేచి కదులుతారు. విశ్రాంతి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది దొరకదు. మావారు నా వెనక నడిచారు. దారంతా కబుర్లు చెప్పుకున్నాం. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే మీ వేగం. మాట మధ్యలో తెగుతోందంటే అడుగు తగ్గించండి.

ధర్మశాల పైనున్న మెక్లియోడ్‌గంజ్ ఊరి నుంచి నడిస్తే సుమారు 9 కిలోమీటర్లు. అంత అక్కర్లేదు. ధరమ్‌కోట్ పైనున్న గల్లూ దేవి గుడి దాకా టాక్సీలో వెళ్లండి, అక్కడి నుంచి ఆరు కిలోమీటర్ల లోపే. త్రియుండ్ సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే గుడి నుంచి దాదాపు 700 మీటర్లు ఎక్కాలి. దేవదారు, రోడోడెండ్రాన్ చెట్ల మధ్య దారి చాలావరకు నిదానంగానే లేస్తుంది. అసలు పరీక్ష చివర్లో. అక్కడివారు ఇరవై రెండు మలుపులు అని పిలిచే ఆ భాగం బాగా నిటారు. అలిపిరి మెట్లెక్కిన అనుభవం ఉంటే ఊపిరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. కానీ అక్కడ మెట్లు సమంగా ఉంటాయి, పైన కప్పు ఉంటుంది. ఇక్కడ ప్రతి రాయీ ఒక్కో ఎత్తు. అందుకే మలుపులకు ముందు మ్యాజిక్ వ్యూ టీ కొట్టు దగ్గర తీరిగ్గా కూర్చుని ఏదైనా తినండి.

ఉదయం ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టాలి. ఈ విషయంలో మొహమాటపడకుండా చెబుతున్నాను. ఎండకు కిందున్న కాంగ్డా లోయలో వేడెక్కిన గాలి, గోడలా నిలిచిన ధౌలాధార్ పర్వతశ్రేణిని తాకి పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. మే నెలలోనూ ఉరుములు, వడగళ్లు మామూలే. పైనంతా చెట్టు లేని పచ్చిక బయలు, పిడుగుల వేళ ఉండదగిన చోటు కాదు. పొద్దున్నే చేరితే ఎదురుగా ధౌలాధార్ మంచు శిఖరాలు, వెనక లోయ, రెండూ తేటగా కనిపిస్తాయి. ఎక్కడానికి మీకు నాలుగు గంటలు పట్టినా నష్టం లేదు.

వెనుదిరిగే సమయం ముందురోజు రాత్రే ఇద్దరూ కలిసి తేల్చుకోండి. పన్నెండింటికి ఎక్కడున్నా సరే తిరుగుముఖం పట్టాలి. ఇంకొంచెమే కదా అన్న వాదన కొండమీద పెట్టుకోకండి.

దిగేటప్పుడు మోకాళ్లపై భారం ఎక్కువ, కర్ర వెంట ఉండాలి. కాలిగోళ్లు బూటుకు తగలకుండా ముందురోజే కత్తిరించుకోండి. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు, పలుచని వాన కోటు, టోపీ చాలు. కొట్లలో మ్యాగీ, టీ దొరుకుతాయి, సరుకంతా కంచరగాడిదలపై వస్తుంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ ధర పెరుగుతుంది. మీ చెత్త మీరే కిందికి తెచ్చుకోండి. గల్లూ దగ్గర పేర్లు రాసుకుంటారు, గుర్తింపు కార్డు మరచిపోకండి.