గాలివానలో పడవ, పిల్లులు

ప్రశ్న: ఫ్లోరిడాలో తెరచాప పడవలోనే కాపురం. రెండు పిల్లులున్నాయి. గాలివానలో వాటిని ఎక్కడ ఉంచాలి?

జవాబు: గాలి ముదరకముందే లోపలికి తెచ్చి హ్యాచ్‌లు (పడవ పైకప్పు తలుపులు) మూసేయండి. ఊపు తక్కువగా ఉండేది పడవ నడిమధ్యన, నేల దగ్గర. పిల్లికొకటి చొప్పున గట్టి క్యారియర్లు (పిల్లిని ఉంచే పెట్టెలు) అక్కడే తాళ్లతో బిగించండి. ముక్కువైపు క్యాబిన్‌లో పెడితే వాంతులే! గాలివానకు ముందు నాలుగైదు గంటలు తిండి ఆపండి, నీళ్లు కాదు. వాంతుల మందు పశువైద్యులు రాస్తేనే వాడాలి. మన మాత్రలు వద్దు. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

అసలు చిక్కు మలవిసర్జన తొట్టితో. అందులో పోసే గడ్డకట్టే బంకమట్టి ఒలికి బిల్జ్‌లోకి (పడవ అడుగున నీళ్లు చేరే చోటికి) చేరితే పంపు మూసుకుపోతుంది, అదీ నీళ్లు తోడాల్సిన వేళకే. ఎత్తు అంచుల తొట్టిలో కొద్దిగానే పోసి, కదలకుండా కట్టండి.

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం. హెచ్చరిక వస్తే పిల్లులతో సహా ఒడ్డుకు వెళ్లిపోండి. పడవ కన్నా ప్రాణాలు ముఖ్యం.