ఖారవేలుడు చిన్నప్పుడు ఏం చదువుకున్నాడు? అంత పెద్ద రాజు ఎలా అయ్యాడు?

కళింగను ఏలిన ఈ రాజు గురించి మనకు తెలిసిందంతా దాదాపు ఒక్క శాసనం పుణ్యమే. భువనేశ్వర్ పక్కన ఉదయగిరి మీదుండే హాథీగుంఫా శాసనం. మాది శ్రీకాకుళం వైపు. పనిమీద భువనేశ్వర్ వెళ్తే, తీరిక దొరికితే కొండెక్కి వస్తుంటాను. గుహ నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన బండ మీద 17 పంక్తులు, బ్రాహ్మీ లిపిలో. మెడ బాగా ఎత్తి చూడాలి. చాలా అక్షరాలు అరిగిపోయాయి.

రాజుల శాసనాల్లో చిన్నతనం ఊసు అరుదు. ఇందులో ఉంది. 15 ఏళ్లు ఆటపాటలతో గడిచాయట. నేర్చిన చదువులేమో రాత, నాణేల సంగతి, లెక్కలు, వ్యవహారం (న్యాయం, పాలన), విధులు (నియమాలు). కత్తిసాము ప్రస్తావనే లేదు! తర్వాత 9 ఏళ్లు యువరాజుగా ఉండి, 24 నిండాక పట్టం కట్టుకున్నాడు.

గద్దెనెక్కిన ఏడాదే దండయాత్రకు బయల్దేరలేదు. తుఫానుకు దెబ్బతిన్న తన రాజధాని కళింగనగరం ద్వారాలు, ప్రాకారాలు, చెరువు గట్లు బాగుచేయించాడు. 35 లక్షల ఖర్చు రాయించాడు. 2018లో తిత్లీ తుఫాను దెబ్బ తిన్న మా ఉద్దానం వాళ్లకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. నా దృష్టిలో ఆయన ఎదుగుదల మొదలైంది అక్కడే, ఇల్లు చక్కబెట్టుకున్నాకే పొరుగుమీదికి పోయాడు.

పాలన రెండో ఏట శాతవాహన రాజు శాతకర్ణిని ఓడించాడని కొన్ని వీడియోల్లో ఢంకా బజాయించి చెప్తుంటారు. శాసనం అలా అనదు. అతన్ని లెక్కచేయకుండా పడమటికి సేనను పంపాడంటుంది, అంతే. గెలిచి ఉంటే ఊరుకునే మనిషి కాదు. 12వ ఏట మగధ రాజు చేత కాళ్లకు మొక్కించుకున్నానని, అంతకుముందెప్పుడో మగధనేలిన నందరాజు ఎత్తుకెళ్లిన జిన (జైన తీర్థంకరుడి) విగ్రహాన్ని వెనక్కి తెచ్చానని దర్జాగా చెక్కించుకున్నాడు కదా! ఈ మధ్యలో 4వ ఏట పడమటి దక్కన్ నాయకులైన రఠికులు, భోజకులు లొంగారు, 5వ ఏట నందుల కాలం నాటి కాలువను నగరం దాకా పొడిగించాడు, 8వ ఏట మగధలోని రాజగృహ నగరం మీద పడ్డాడు.

11వ ఏట పిథుండ నగరాన్ని గాడిదలు కట్టిన నాగలితో దున్నించాడట. అంత అవమానం మరే ఊరికీ చేసినట్టు శాసనంలో కనబడదు. ఆ పిథుండ మన మచిలీపట్నం చుట్టుపక్కలే ఉండేదని పలువురు చరిత్రకారుల అంచనా.