అండమాన్ యాత్రకు అప్పు చేయాలా, నాలుగు నెలలు ఆగాలా?

ప్రశ్న: మాది కాకినాడ. ప్రైవేటు సంస్థలో ఉద్యోగం, నెలకు 82,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదాతో కలిపి ఖర్చు 62,000, సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడికి) 10,000 పోతాయి. దీపావళికి 60,000 బోనస్ వస్తుంది. బ్యాంకులో 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మా దంపతులం, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న 67 ఏళ్ల మా అమ్మగారు కలిసి డిసెంబరు 24న అండమాన్ వెళ్లాలనుకుంటున్నాం. ఐదు రాత్రులకు ట్రావెల్ ఏజెంటు 2,10,000 అడుగుతున్నారు. అందులో మనిషికి 8,400 చొప్పున సముద్ర క్రీడల కాంబో ఉంది. 14 శాతం వడ్డీకి రెండేళ్ల వ్యక్తిగత రుణం ఇప్పిస్తామంటున్నారు. రుణం తీసుకోవాలా, డిపాజిట్ తీసేయాలా? ఎల్‌టీఏ (సెలవు ప్రయాణాలకు సంస్థ జీతంలో భాగంగా ఇచ్చే భత్యం) వల్ల పన్నులో ఏమైనా కలిసి వస్తుందా?

సమాధానం: మీరు అడిగిన రెండు దారుల్లో ఏదీ వద్దు. మీ డిపాజిట్ మూడు నెలల ఇంటి ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. తల్లిగారి వయసు, ఇంటి రుణం రెండూ చూస్తే అది ఇప్పటికే తక్కువ అని నేను అనుకుంటాను. ఇక రుణం సంగతి. 2 లక్షలకు 14 శాతం చొప్పున 24 నెలలకు వాయిదా సుమారు 9,600 రూపాయలు వస్తుంది. తిరిగి కట్టేది 2,30,000 దాటుతుంది, ప్రాసెసింగ్ రుసుము దానికి అదనం. మీకు నెలాఖరున మిగిలేదే 10,000 కాబట్టి, ఆ రెండేళ్లలో ఫ్రిజ్ పాడైనా, పిల్లవాడికి జ్వరం వచ్చినా మరో అప్పు తప్పదు.

అయితే యాత్ర మానుకోమని నేను చెప్పడం లేదు. ఆ 9,600 రూపాయలనే ఈ ఆగస్టు నుంచి వేరే పొదుపు ఖాతాలోకి జీతం పడిన రోజే వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. డిసెంబరు చివరికి 48,000 అవుతాయి; దీపావళికి 60,000 బోనస్ వస్తుందని మీ ఉత్తరంలో రాశారు కనుక, అది కూడా కలిపితే 1,08,000. జనవరిలో విమాన టిక్కెట్లు కొనడానికి అది సరిపోతుంది. ఏప్రిల్ దాకా మరో నాలుగు వాయిదాలు జమ చేస్తే మొత్తం 1,46,400 అవుతుంది. రికరింగ్ డిపాజిట్ వేస్తే వడ్డీ కొంచెం ఎక్కువ రావచ్చు గానీ, టిక్కెట్లు కొనే సమయానికి డబ్బు చేతికి అందడం ఇక్కడ ముఖ్యం.

ఏప్రిల్ అని ఎందుకంటున్నానో చెబుతాను. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు ఆ ద్వీపాలకు వెళ్లే విమానాలకూ అక్కడి గదులకూ ఏడాదిలోకెల్లా గిరాకీ ఎక్కువ. మీ ఏజెంటు చెప్పిన ధరలో ఆ తేదీల భారం చాలా ఉంది. బడులు మూసేసిన తరవాత, ఏప్రిల్ చివరి వారంలో, ఎండ ఎక్కువే అయినా సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది, నీటి అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకేది మే మూడో వారం ప్రాంతంలో, కాబట్టి మే మధ్యకు జరపవద్దు. ఆ పొదుపును బట్టి యాత్ర మొత్తం ఖర్చుకు 1,45,000 దగ్గర గీత గీసుకోండి. ఆ గీత దాటేలా ఉంటే ఐదు రాత్రులను నాలుగు చేయండి గాని, గీతను జరపకండి.

ఇప్పుడు ఆ కాంబో గురించి, ఎందుకంటే మీ డబ్బు వృథా అయ్యేది అక్కడే. మనిషికి 8,400 చొప్పున ఐదుగురికి 42,000. అందులో స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం), జెట్ స్కీ, పారాసెయిలింగ్, సీ వాక్ (హెల్మెట్ పెట్టుకుని సముద్రపు అడుగున నడవడం), అద్దపు అడుగు పడవ, స్నార్కెలింగ్ (నీటి మీద తేలుతూ అడుగును చూడడం) ఉన్నాయని రాశారు. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు వీటిలో ఎక్కగలిగేది అద్దపు అడుగు పడవ ఒక్కటే. సముద్రంలో స్కూబాకు కనీస వయసు సాధారణంగా పదేళ్లు, కాబట్టి మీ అబ్బాయికి ఆ అవకాశం లేదు. వారిద్దరి పేరున మీరు కట్టబోయే 16,800లో ఎక్కువ భాగం వాడకుండానే పోతుంది. పైగా గాలివానకు పడవలు ఆపేస్తే ముందే కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం ఎంత కష్టమో, ఇలాంటి ప్యాకేజీలు కొన్న నా క్లయింట్ల దగ్గర చాలాసార్లు విన్నాను. వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు ముందు కట్టండి, ఆటలకు అయ్యేది అక్కడ ఆ రోజు సముద్రాన్ని చూసి కట్టండి.

ఏ ఆటలు ఎంచుకోవాలన్నదానికి నాది ఒకటే కొలత: మన దగ్గర దొరకనిదానికే అక్కడ డబ్బు పెట్టాలి. జెట్ స్కీ రుషికొండలోనూ ఎక్కవచ్చు, అదీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పగడపు దిబ్బలు మాత్రం మన కోస్తాలో దొరకవు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే ఇప్పటికీ అందరూ హేవ్‌లాక్ అని పిలిచే చోట, ఈత రానివారిని కూడా శిక్షకుడు వెంట ఉండి నీటి అడుగుకు తీసుకువెళ్లే స్కూబాకు మనిషికి సుమారు మూడున్నర నుంచి ఐదు వేలు తీసుకుంటారు. మీ అమ్మాయి, మీ దంపతుల్లో ఒకరు దిగితే 9,000 అనుకోండి. ఎలిఫెంట్ బీచ్‌కు పడవ, మిగతావారికి స్నార్కెలింగ్, అమ్మగారికి అద్దపు పడవ కలిపి మరో 6,000 పక్కన పెట్టండి. 42,000 ఉన్న చోట 15,000తో సరిపోతుంది.

నిజానికి అక్కడ మనసులో నిలిచిపోయేవి చాలావరకు చవకే. రాధానగర్ తీరంలో సూర్యాస్తమయానికి ఆటో కిరాయి తప్ప పెద్దగా ఖర్చు లేదు. షహీద్ ద్వీప్‌లో, అంటే పాత నీల్ ద్వీపంలో, సముద్రం కోసి మలచిన రాతి వంతెనను సముద్రపు నీరు వెనక్కి తగ్గిన సమయంలోనే చూడగలరు. అక్కడ రాళ్ల మీద నడక అమ్మగారికి పనికిరాదు, ఆవిడను భరత్‌పూర్ తీరంలో నీడన కూర్చోబెట్టండి. పోర్ట్ బ్లెయిర్‌లో, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, 1906లో పూర్తయిన సెల్యులార్ జైలుకు ఒక పూట పూర్తిగా కేటాయించండి. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకరాచారి గారు ఇక్కడే ఖైదీగా ఉన్నారు. మీ ఊరి పిల్లలకు ఆ సంగతి ఆ గదుల ముందు నిలబెట్టి చెప్పండి. బారాటాంగ్ సున్నపురాతి గుహల యాత్రను మాత్రం పెట్టుకోవద్దంటాను. తెల్లవారకముందే బయలుదేరి, జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా కాన్వాయ్‌లో గంటల తరబడి వెళ్లి రావాలి. మీ అమ్మగారికి అది శిక్షే అవుతుంది.

ఎల్‌టీఏ విషయానికి వస్తే, మీ జీతంలో ఆ భాగం ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే మినహాయింపు వర్తిస్తుంది. నాలుగు క్యాలెండర్ సంవత్సరాల బ్లాకులో రెండు ప్రయాణాలకు ఇస్తారు, ఇప్పటి బ్లాకు 2026 నుంచి 2029 వరకు. లెక్కలోకి వచ్చేది ప్రయాణ ఛార్జీ మాత్రమే, విమానమైతే ఎకానమీ తరగతి వరకు. గది, భోజనం, స్కూబా రావు. అమ్మగారు మీ మీద ఆధారపడి ఉంటే ఆవిడ టిక్కెట్టు కూడా చేర్చవచ్చు. ప్యాకేజీ మొత్తానికి ఒకే బిల్లు ఇస్తే ఛార్జీ ఎంతో మీ అకౌంట్స్ విభాగం అడుగుతుంది, అందుకే విమాన టిక్కెట్లు విడిగా కొనండి. కొత్త విధానంలో ఉంటే కేవలం దీనికోసం పాతదానికి మారడం సాధారణంగా గిట్టుబాటు కాదు.

బీమా గురించి మీరు అడగలేదు గాని, స్కూబా ఉంది కనుక చెబుతున్నాను. ఆరోగ్య బీమా పాలసీల్లో సాహస క్రీడలను వృత్తిగా చేసేవారికి వాటివల్ల అయ్యే చికిత్స ఖర్చు ఇవ్వబోమన్న షరతు ఉంటుంది, సరదాకు ఒకసారి దిగేవారికి సాధారణంగా ఆ షరతు వర్తించదు; వ్యక్తిగత ప్రమాద బీమాలో నిబంధన ఇంకా కఠినంగా ఉండవచ్చు. రెండు పాలసీలూ ఒకసారి తీసి చదవండి. డైవింగ్‌కు ముందు ఇచ్చే ఆరోగ్య పత్రంలో ఉబ్బసం, చెవి సమస్య వంటివి దాచకండి.

చివరి రాత్రి బస తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. హేవ్‌లాక్ నుంచి వచ్చే పడవ గాలివానకు రద్దయి విమానం తప్పితే, చివరి నిమిషంలో ఐదు టిక్కెట్లు మళ్లీ కొనాల్సి వస్తుంది. స్కూబా చేసినవారు సుమారు 18 గంటలు విమానం ఎక్కకూడదు కనుక దానికీ ఈ ఏర్పాటు సరిపోతుంది. చిన్న ద్వీపాల్లో నెట్‌వర్క్ మొండికేస్తే ఫోన్‌తో చెల్లించడం కుదరదు, కాబట్టి పది వేలు నగదుగా పెట్టుకుని వెళ్లండి.