చేసిన తప్పుల వల్ల చర్చికి వెళ్ళడానికి ముఖం చెల్లడం లేదు. నాలాంటివాడికి ఆశ ఉందా?

అప్పులు ఎగ్గొట్టాను, తాగి ఇంట్లోవాళ్ళను ఏడిపించాను, ఇప్పుడు ప్రభువు దగ్గరకు రావాలని ఉంది అని రాశారు. ఆశ ఉందండీ. మా నాన్నను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

నాన్న లారీ డ్రైవరు. తాగుడు కోసం అమ్మ గాజులు కుదువపెట్టాడు. ఊళ్ళో చేబదుళ్ళు తీసుకుని ముఖం చాటేశాడు. ప్రభువును నమ్ముకున్న కొత్తలో ప్రతి ప్రార్థన కూటంలోనూ మైకు పట్టుకుని, దేవుడు తనను ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పేవాడు. పాత తాగుడు కథలు కాస్త హుషారుగానే చెప్పేవాడు కూడా (మన కూటాల్లో ఇదో జబ్బు). అమ్మ తల దించుకుని కూర్చునేది.

ఒకరోజు పాస్టరు గారు ఆయన్ను పక్కకు పిలిచి లూకా సువార్త 19వ అధ్యాయం చదివించారు. జక్కయ్య సుంకరుల (పన్నులు వసూలు చేసేవాళ్ళ) పెద్ద. అతను ఇంకా మేడిచెట్టు మీద ఉండగానే, యేసు అతని ఇంట్లో దిగుతానన్నాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ జక్కయ్య అన్నది ఆ తర్వాతే. "ప్రభువు నీ ఇంటికొచ్చాడు, సంతోషం. మరి నీకు డబ్బులిచ్చినవాళ్ళ సంగతేంటయ్యా?" అని అడిగారు పాస్టరు గారు.

ఆ తర్వాత నాన్న సాక్ష్యాలు ఆపేశాడు. ఎవరికెంత ఇవ్వాలో నోటుపుస్తకంలో రాసుకుని, జీతంలోంచి, బత్తాలోంచి కొంచెం కొంచెంగా తీర్చాడు. డబ్బు తీసుకుని కూడా తిట్టినవాళ్ళున్నారు. అమ్మకు నమ్మకం కుదరడానికి ఏళ్ళు పట్టింది. దేవుడే క్షమించాడు, నువ్వు క్షమించవా అని ఆయన ఆమెను ఒక్కసారి కూడా నిలదీయలేదు. ఆయన భక్తిలో నాకు నచ్చింది అదే.

మధ్యలో ఒక పెళ్ళిలో మళ్ళీ తాగి, సిగ్గుతో చర్చి మానేశాడు. అప్పుడు ఆయన్ను నిలబెట్టింది పేతురు కథ. మంట దగ్గర చలి కాచుకుంటూ యేసెవరో తెలియదని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో యేసు నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి, ముందు అతనికి భోజనం పెట్టి, ఆ తర్వాతే "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగాడు.

మీకు తాగుడు ఇంకా ఉంటే ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరకూ వెళ్ళండి. బాగా అలవాటైనవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఆదివారం వెళ్ళి వెనక కూర్చోండి, చాలు. ఎవరైనా సాక్ష్యం చెప్పమంటే ఇప్పుడే వద్దనండి. అప్పుల్లో అన్నిటికంటే చిన్నది ఎవరిదో చూసి, ముందు వాళ్ళింటికి వెళ్ళండి. నాన్న అలాగే మొదలుపెట్టాడు.